రెండు గంటల పంతొమ్మిది నిమిషాలు

9, మంగళవారం, సాయంత్రం

ఈరోజు మధ్యాహ్నం 2:31కి ఒకే పట్టాల మీద ఎదురెదురుగా వస్తున్న రెండు రైళ్లు నూట నలభై మీటర్ల ఎడంతో ఆగాయి. ఎవరికీ ఏమీ కాలేదు. ప్యాసింజర్‌లో పదకొండు వందల మంది ఉన్నారు. గూడ్స్‌లో కంకర. నూట నలభై అన్నది టేపు పెట్టి కొలిచిన లెక్క, నా అంచనా కాదు.

కంట్రోల్ గదిలో కూర్చుని ఆ రెండింటినీ నడిపిన బోర్డు నాది. ఆపింది మాత్రం నేను కాదు, ఎదుటి రైలును చూసి బ్రేకు వేసిన ఆ ఇద్దరు డ్రైవర్లు.

విచారణ ఉంటుందన్నారు. జరిగింది జరిగినట్టు వరసగా రాసి పెట్టుకుంటున్నాను. ఇది ఎవరికీ చూపించేది కాదు.

మూడో తేదీన మెయిన్ లైన్ వంతెన స్తంభం ఒకటి కుంగింది. అప్పటి నుంచి రైళ్లన్నిటినీ పాత బ్రాంచి లైన్ మీదికి మళ్లించాం. అక్కడ ఉన్నది ఒకటే ట్రాక్. ఎదురెదురు రైళ్లు స్టేషన్లలోనే తప్పుకోవాలి. నిన్నటి పిడుగుకు క్వారీ స్టేషన్‌కూ మలుపు స్టేషన్‌కూ మధ్య సిగ్నల్ యంత్రాలు పోయాయి. ఆ రెండు స్టేషన్లూ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఫోనూ పోయింది. మిగిలింది నా కంట్రోల్ ఫోన్ ఒక్కటే. ఆ తొమ్మిది కిలోమీటర్లలోకి ముందు ఏ రైలు వెళ్లాలన్నది ఇప్పుడు నా నోటి మాట మీద నడుస్తోంది. నేను చెప్పాలి. స్టేషన్ మాస్టర్ అదే మాట నాకు తిరిగి అప్పజెప్పాలి. తిరిగి చెప్పిన టైం నేను రిజిస్టర్‌లో వేయాలి. ఆ తర్వాతే డ్రైవర్ చేతికి అనుమతి కాగితం.

2:05. క్వారీ స్టేషన్ మాస్టర్ బాబాయికి చెప్పాను, గూడ్స్ ముందు అని. తిరిగి చెప్పారు. కాగితం రాసి పెట్టుకున్నారు. బ్రేకులు చూసుకుని బయల్దేరడానికి ఇరవై నిమిషాలు పడుతుందన్నారు.

2:16. మా పై అధికారి చీఫ్ నా వెనక నిలబడి ప్యాసింజర్‌ను ముందు పంపమన్నారు. ఆ రైలు మలుపులో నాలుగు గంటలుగా ఆగి ఉంది. తాగడానికి నీళ్లు లేవు. జనం దిగి ఇంజను ముందు కూర్చుంటున్నారు. రైళ్ల చార్టు మీద రెండు పెన్సిల్ గీతలూ చెరిపేసి మళ్లీ గీశాను.

2:19. బాబాయికి చెప్పాను, గూడ్స్ ఆపండి, కాగితం చింపేయండి అని.

2:21. మలుపు స్టేషన్ మాస్టర్ అమ్మాయికి చెప్పాను, ప్యాసింజర్ పంపు అని. తిరిగి చెప్పింది.

2:23. ప్యాసింజర్ కదిలింది.

2:26. బాబాయి ఫోన్. గూడ్స్ 2:24కి వెళ్లిందమ్మాయ్, అన్నారు.

ఆ మధ్యలో కొండను తొలిచి వేసిన దారి ఉంది. అక్కడ డ్రైవర్ల వాకీటాకీలు అందవు. డీజిల్ ఇంజన్లు కాబట్టి కరెంటు తీసేసి ఆపే వీలూ లేదు. చేయగలిగింది ఏమీ లేదు. ఈ వాక్యం విచారణలో కూడా ఇలాగే చెప్పాలి. గది అవతలి చివర తూర్పు లైన్లు చూసే తోటి కంట్రోలర్, తూర్పు బోర్డు తమ్ముడు, లేచి నిలబడ్డాడు. చీఫ్ చేతిలో రెండు ఫోన్లున్నాయి, రెండింటిలోనూ ఏమీ మాట్లాడటం లేదు. నేను మాత్రం మాట్లాడాను. "ఆపమన్నాను కదా బాబాయ్, 2:19కే చెప్పాను కదా" అన్నాను. పెద్దగా అన్నాను. గదిలో అందరూ విన్నారు.

ఆయన ఫోన్ పెట్టలేదు, నేనూ పెట్టలేదు. ఆయన ఊపిరి వినిపిస్తూనే ఉంది.

2:31 అన్నది తర్వాత తేలిన లెక్క. నాకు తెలిసింది 2:43కి, గూడ్స్ డ్రైవర్ గట్టెక్కి సెల్‌ఫోన్ సిగ్నల్ దొరికిన చోటి నుంచి మాట్లాడినప్పుడు. మధ్యలో పదిహేడు నిమిషాలు. ఆ పదిహేడు నిమిషాలు గోడ గడియారం వైపే చూస్తూ కూర్చున్నాను. పదకొండు వందలని బోగీల లెక్కన భాగించాను, ముందు రెండు బోగీల్లో ఎంతమంది ఉంటారని. ఎందుకు చేశానో తెలియదు. ఆ అంకె వేయను.

అదే రోజు

2:19కి చెప్పాను. రిజిస్టర్‌లో ఉంది.

10, బుధవారం

బాబాయిని సస్పెండ్ చేశారు. ఆయన మాలో ఎవరికీ చుట్టం కాదు, అందరికీ బాబాయే. సస్పెన్షన్ కాగితం మీద అసలు పేరు చూసి, ఇదెవరిదయ్యా అని చీఫ్ ఒక్క క్షణం ఆగారట. నాలుగు నెలల్లో రిటైర్ కావాల్సిన మనిషి.

నన్ను సస్పెండ్ చేయలేదు. రిజిస్టర్ సరిగ్గా ఉంది. పైగా మనుషులు తక్కువ. ఉదయం ఎనిమిదికి మళ్లీ అదే కుర్చీ.

మా ఫోన్లను రికార్డు చేసే యంత్రం ఆరో తేదీ నుంచి పనిచేయడం లేదు. కింది అంతస్తులో నీళ్లు చేరి బ్యాటరీలు పాడయ్యాయి. కొత్తవి పంపమని చీఫ్ పైకి రాసిన ఉత్తరం ఫైల్లో ఉంది. బ్యాటరీలు రాలేదు. కాబట్టి 2:19కి ఏం జరిగిందో చెప్పగలిగినవి రెండే: నా రిజిస్టర్, బాబాయి జ్ఞాపకం. తనకు ఎవరూ చెప్పలేదని ఆయన నిన్న సాయంత్రం రాసిచ్చారు. అదీ ఒక్క వాక్యం. చెప్పానని ఈరోజు నేనూ వాంగ్మూలం రాసి సంతకం పెట్టాను.

చార్టుకు సీలు వేసి తీసుకెళ్లారు. అంతకుముందు సిరా గీతలు నేనే పూర్తి చేయాల్సి వచ్చింది. మేం పెన్సిల్‌తో గీసేది అనుకున్నది, సిరాతో గీసేది జరిగింది. ఎదురెదురు రైళ్ల గీతలు ఎప్పుడూ స్టేషన్ గీత మీదే కలవాలి. నిన్నటివి రెండూ రెండు స్టేషన్ల మధ్య తెల్ల కాగితంలో ఆగాయి. నూట నలభై మీటర్లు ఆ చార్టు కొలతలో పెన్ను మొన అంత కూడా ఉండదు. చూసేవాళ్లకు గీతలు కలిసినట్టే ఉంటుంది.

ఈరోజు ముప్పై ఒక్క రైళ్లు. ప్రతి మాటా మూడుసార్లు తిరిగి చెప్పించుకున్నాను. క్వారీకి వేసిన కొత్త మాస్టరు, ఎక్కాలు అప్పజెప్పినట్టుంది మేడం, రేపటి నుంచి పలక కూడా తెచ్చుకుంటాను అన్నాడు. నవ్వాను. నవ్వు బాగానే వచ్చింది.

మామగారు రైలు గార్డుగా రిటైరయ్యారు. భోజనాల దగ్గర వివరాలన్నీ అడిగారు. ఒక స్టేషన్ మాస్టరు కోసం ఎర్ర జెండా పట్టుకుని ఎండలో గంటన్నర నిలబడ్డ కథ ఆరోసారో ఏడోసారో చెప్పారు. "మధ్యాహ్నం పూట కునుకు తీసి ఉంటాడమ్మా. మాకు తెలియని మాస్టర్లా? నువ్వేం బెంగ పెట్టుకోకు, నీ పుస్తకం శుభ్రంగా ఉంది. నోటి మాట గాలికి పోతుంది, రాసింది నిలబడుతుంది" అన్నారు.

మజ్జిగ గిన్నె తేవడానికి లేచి, వంటింట్లో కాసేపు ఊరికే నిలబడ్డాను.

11, గురువారం

ఇరవై తొమ్మిది రైళ్లు. ఏమీ కాలేదు.

12, శుక్రవారం

విచారణాధికారి సహాయకుడు వచ్చి రిజిస్టర్ నకలు తీసుకున్నాడు. అంత హడావుడిలోనూ ఎంత శుభ్రంగా రాశారు మేడం, కొట్టివేత ఒక్కటి లేదు అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ముందు వెనక పేజీలు తిప్పి చూపించాను, నా రాత ఎప్పుడూ ఇంతేనని.

శుభ్రంగా ఉండటానికి కారణం ఉంది. రద్దీ రోజుల్లో వరస ముందే నింపేస్తాను. స్టేషన్, రైలు, ఏం చెప్పాలి, తిరిగి చెప్పిన టైం. నింపి, ఆ తర్వాత ఫోన్ తీస్తాను. చెప్పడం, చెప్పించుకోవడం నిమిషంలో అయిపోతాయి కాబట్టి టైం తప్పు కాదు. ఇది నేను కనిపెట్టింది కాదు. నాకు పని నేర్పినవాళ్లూ ఇలాగే చేసేవారు. చీఫ్ బోర్డు మీద కూర్చునే రోజుల్లో పావుగంట తర్వాతి వరసలు కూడా ముందే నింపి, తీరిగ్గా టీ తాగేవారని ఇప్పటికీ చెప్పుకుంటారు. నాకు పదకొండేళ్లలో ఎప్పుడూ తేడా రాలేదు.

కాబట్టి 2:19 కూడా ముందే వేశాను. వేసి ఫోన్ తీశాను. క్వారీ బటన్ నొక్కాను. ఇంతవరకు గుర్తుంది. తర్వాత మలుపు అమ్మాయి గొంతు గుర్తుంది. మధ్యలో బాబాయి గొంతు గుర్తుకు రావడం లేదు.

గుర్తు లేకపోతే జరగలేదని కాదు. రోజుకు రెండు వందల ఫోన్లు మాట్లాడతాను.

అయితే బాబాయి ఫోన్ పెట్టేముందు ఎప్పుడూ ఒకటి అడుగుతారు, తిన్నావా అమ్మాయ్, అని. పెళ్లి భోజనాల్లో నిలబడ్డ పెద్దమనిషిలా అడుగుతారు. 2:05కి అడిగారు. ఇంకా లేదన్నాను. రెండు దాటితే అది భోజనం కాదు, ప్రాయశ్చిత్తం అన్నారు. 2:19కి ఏమన్నారు? అడిగే ఉంటారు. నేను మళ్లీ లేదనే చెప్పి ఉండాలి.

చెప్పి ఉంటాను.

13, శనివారం

బాబాయి వచ్చారు.

మధ్యాహ్నం విరామంలో క్యాంటీన్‌కు దిగితే మెట్ల దగ్గర నిలబడి ఉన్నారు. యూనిఫాం లేకుండా ఆయన్ని చూడటం ఇదే మొదటిసారి. చొక్కా కొత్తది, మడత గీతలు ఇంకా పోలేదు. సస్పెన్షన్‌లో ఉన్నవాళ్లు పైకి రాకూడదు కదా అని కిందే ఆగానన్నారు. నిబంధన పుస్తకం చదివి వచ్చినట్టున్నారు. అరగంట నుంచి అక్కడే ఉన్నారట.

మూలగా ఉన్న బల్ల దగ్గర కూర్చున్నాం. అరుస్తారనుకున్నాను. అందరి ముందూ నిలదీస్తారనుకున్నాను. వాటికి జవాబులు సిద్ధంగా ఉన్నాయి.

"ఒక్కటి అడుగుతాను, ఏమీ అనుకోకు. నువ్వు నాకు చెప్పావా?"

"రిజిస్టర్‌లో ఉంది కదా బాబాయ్."

"ఉందన్నారు. నువ్వు రాశావంటే చెప్పే ఉంటావు. పదకొండేళ్లుగా నీ టైం చూసి మా స్టేషన్ గడియారం సరిచేసుకున్నవాణ్ణి, నాకు తెలియదా? మొదటి రోజు తెలివితక్కువగా చెప్పలేదని రాసిచ్చాను. తర్వాత ఆలోచించాను. నేనే మర్చిపోయాను."

తన అన్న సంగతి చెప్పారు. అతనికీ సరిగ్గా ఈ వయసులోనే మతిమరుపు మొదలైందట. ముందు తాళం చెవులు మర్చిపోయేవాడు. తర్వాత అన్నం తిన్న సంగతి. చివరి రెండేళ్లు భార్యను చూసి, ఈవిడెవరో రోజూ వస్తోంది, మంచి మనిషి, అనేవాడట.

"ఉద్యోగం పోతే పోయింది, ఎలాగూ నాలుగు నెలలే. బుర్ర పోతోందేమోనని భయంగా ఉందమ్మాయ్."

జేబులోంచి చిన్న పుస్తకం తీసి చూపించారు. పొద్దున ఏం తిన్నది, ఏ బస్సెక్కింది, పక్క సీట్లో ఎవరు కూర్చున్నది, అన్నీ టైముతో సహా రాసుకుంటున్నారు. సాయంత్రం చూడకుండా భార్యకు అప్పజెప్పి సరిచూసుకుంటారట. నిన్న ఒకటి తప్పిందన్నారు. బస్సు నంబరు.

మంగళవారం తల స్కానింగ్. విచారణలో మొదటి మాట వెనక్కి తీసుకుంటారు. కంట్రోల్ నాకు చెప్పింది, మర్చిపోయి పంపాను అని చెబుతారు. "నీకు ఇబ్బంది ఉండదు" అన్నారు. ఆ మాట ఓదార్పుగా అన్నారు.

నేనన్నది రాస్తున్నాను. "మంచిదే బాబాయ్, డాక్టరుకు చూపించుకోండి" అన్నాను.

14, ఆదివారం

సెలవు. వంతెన పని ముందే అయిపోవచ్చని వార్తల్లో చెప్పారు.

మా ఆయనకు సగం చెప్పాను. ఆయన కళ్లద్దాల షాపు ఆదివారం మూసే ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం ఇంట్లోనే ఉన్నారు. బట్టలు మడతపెడుతూ, బాబాయి గొంతు గుర్తు రావడం లేదన్నాను. మా ఆయన దేన్నయినా షాపుకు వచ్చినవాళ్లను పరీక్షించినట్టే పరీక్షిస్తారు. ఇది బాగుందా, అది బాగుందా అని.

"చెప్పలేదని గుర్తుందా?"

"లేదు."

"చెప్పావని గుర్తుందా?"

"అదీ లేదు."

"ఏదీ తెలియనప్పుడు రాసిపెట్టినదాన్నే నమ్మాలి. ఎవరూ చనిపోలేదు. ఆయనే ఒప్పుకుంటానంటున్నాడు. లేనిపోనిది నెత్తిన వేసుకుంటే, పదకొండు వందల మంది ప్రాణాల కేసు అది. పోలీసులు వస్తారు. ఆలోచించు."

ఆలోచించాను. మనిషికి ఎంత మెత్తటి మాట కావాలో అంత మెత్తటిదే దొరికింది. సాయంత్రం కాస్త అన్నం లోపలికి పోయింది. 

మడతపెట్టిన బట్టలు మళ్లీ విప్పి మడతపెట్టాను.

15, సోమవారం

తూర్పు బోర్డు తమ్ముడు టీకి వెళ్లినప్పుడు అతని రిజిస్టర్ తెరిచాను. తొమ్మిదో తేదీ. వేరే దానికోసం చూస్తున్నానని నాకు నేనే చెప్పుకున్నాను, ఆ రోజు ఎరువుల గూడ్స్ ఎన్నింటికి మళ్లించామో చూద్దామని.

అదే దొరికింది. "ఎరువుల గూడ్స్ మళ్లింపు గురించి పడమటి బోర్డుతో మాట్లాడాను. 2:18 నుంచి 2:21."

పడమటి బోర్డు నేనే.

అతను తిరిగొచ్చాక మామూలుగా అడిగాను, నువ్వు కూడా టైములు ముందే వేసేస్తావా తమ్ముడూ, అని. ముందే వేసి ఉంటే బాగుండునని గట్టిగా కోరుకున్నాను. అతను నవ్వాడు. "మనది బద్ధకం చెయ్యి అక్కా. మాట్లాడటం అయ్యాక కూడా నాలుగుసార్లు గుర్తుచేసుకుంటేగానీ పెన్ను పట్టను. చీఫ్ నాకు రోజూ పెట్టే అక్షింతలు దానికే కదా."

ఇప్పుడు మొత్తం గుర్తొచ్చింది. గుర్తొచ్చింది అనడం కూడా సరికాదు.

వరస నింపాను. ఫోన్ తీసి క్వారీ బటన్ నొక్కాను. మోగింది. ఎవరూ తీయలేదు. బాబాయి గూడ్స్ బ్రేకులు చూసేందుకు చివరి బోగీ దాకా వెళ్లి ఉంటారు. ఇంతలో తూర్పు బోర్డు ఫోన్ మోగింది. అది తీశాను. ఎరువుల గూడ్స్ తీసుకోగలవా అక్కా అన్నాడు. నా దగ్గర ఇప్పటికే సంతలో తోపులాటలా ఉంది, నీ ఎరువు నువ్వే చల్లుకో అన్నాను. నవ్వుకున్నాం. 2:21కి పెట్టేశాను. రిజిస్టర్ వైపు చూశాను. క్వారీ వరస నిండి ఉంది, టైముతో సహా. కింది వరస ఖాళీగా ఉంది. మలుపు. మలుపు బటన్ నొక్కాను.

నేను చెప్పలేదు.

మిగతా డ్యూటీ ఎలా చేశానో తెలియదు. 3:10కి క్వారీలోనూ మలుపులోనూ రెండు రైళ్లను ఆపేసి, ఎవరికి ఏం చెప్పానో మొదటి నుంచి మళ్లీ అందరినీ అడిగాను. నలభై నిమిషాలు రెండు రైళ్లూ ఎక్కడివక్కడే ఉన్నాయి. కొత్త మాస్టరు ఈసారి జోకు వేయలేదు. మేడం, ఒంట్లో బాగానే ఉందా, అన్నాడు.

16, మంగళవారం

ఈరోజు బాబాయికి స్కానింగ్.

చీఫ్‌కు చెప్పాను. ఆయన గదిలో, తలుపు మూసి. తూర్పు బోర్డు రిజిస్టర్ సంగతి కూడా చెప్పాను. ఆయన పెన్ను మూత పెట్టాలని చూశారు, మూడోసారికి గానీ పడలేదు. అప్పటిదాకా భయపడుతున్నది నేనొక్కదాన్నే అనుకున్నాను.

ఆయన కోప్పడలేదు. నేను చిన్నపిల్లనైనట్టు నెమ్మదిగా మాట్లాడారు. మీరు చెప్పేది ఒక్క వరస సంగతి కాదు, ఈ గదిలో ఉన్న ప్రతి రిజిస్టర్ సంగతి అన్నారు. రేపు ప్రతి పేజీ తిరగేస్తారు. ఇరవై ఏళ్లుగా ఇక్కడ పనిచేసిన ప్రతివాణ్ణీ పిలుస్తారు. వంతెన ఇంకా బాగుకాలేదు, బోర్డుల మీద కూర్చునేవాళ్లు ఉండరు, రైళ్లు ఎవరు నడుపుతారు? రైళ్లు నడపడానికి ఉన్నామా, ఆపడానికి ఉన్నామా?

2:16కి నా వెనక నిలబడి తొందరపెట్టింది ఎవరో ఆయనా అనలేదు, నేనూ అనలేదు.

చివర్లో అన్నారు: "చూడమ్మా, ఆయనే ఒప్పుకుంటున్నాడు. ఒప్పుకుంటున్న మనిషి నోరు మీరెందుకు మూయించడం?"

మంచి వాక్యం. మెట్లు దిగుతూ రెండుసార్లు నాలో నేనే అనుకున్నాను. కింద క్యాంటీన్ తలుపు దాకా పనిచేసింది.

దొంగ టైం వేయడం ఒక నేరం. ప్రాణాలకు ముప్పు తేవడం ఇంకో నేరం. వారం క్రితమే చెప్పి ఉంటే మొదటిది పొరపాటు అనేవారేమో. పదో తేదీన సంతకం పెట్టి వాంగ్మూలం ఇచ్చాను కాబట్టి ఇప్పుడు అనరు. మా పిల్ల బడి నుంచి వచ్చి, అమ్మా ఎందుకలా గోడకేసి చూస్తున్నావ్ అంది. లెక్క వేసుకుంటున్నానని చెప్పాను. ఎన్నొచ్చింది అంది.

17, బుధవారం

డ్యూటీ దిగి బాబాయి ఇంటికి వెళ్లాను.

తలుపు ఆయన భార్య తీసింది. నేనెవరో తెలియగానే మొహం విప్పారింది. రామ్మా, నీ గొంతు మాకు రేడియోలో వచ్చే గొంతులాంటిది, రోజూ నీ మాటే చెబుతారు అంది. ముందు గదిలో బల్ల మీద పాతకాలపు టైం టేబుల్ ఒకటి తెరిచి ఉంది, అట్ట ఊడిపోయింది. ఆవిడ చేతిలో పెన్సిల్. ముప్పై ఏళ్ల క్రితం క్వారీ మీదుగా వెళ్లిన రైళ్ల టైములు ఆయన కళ్లు మూసుకుని చెబుతున్నారు, ఆవిడ టిక్కు పెడుతోంది. నేను వెళ్లేసరికి నలభై రెండు చెప్పారట. అన్నీ సరిపోయాయి.

స్కానింగ్‌లో ఏమీ లేదన్నారు. మూడు నెలల తర్వాత మళ్లీ రమ్మన్నారు.

"ఏమీ లేదంటే నాకు ఇంకా భయంగా ఉందమ్మాయ్" అన్నారు బాబాయి. "ఏమీ లేకపోతే ఆ మాట ఎక్కడికి పోయినట్టు?"

ఇంటి నుంచి బయల్దేరినప్పటి నుంచి అల్లుకున్న వాక్యాలు చాలా ఉన్నాయి. ఒక్కటీ పనికి రాలేదు.

"ఆ మాట నేను చెప్పలేదు బాబాయ్."

ఆయన కళ్లద్దాలు తీశారు. ఆవిడ పెన్సిల్ కింద పెట్టింది.

"మళ్లీ చెప్పు."

మళ్లీ చెప్పాను. టైం ముందే వేశానని, ఫోన్ మోగితే మీరు తీయలేదని, మధ్యలో ఇంకో ఫోన్ వచ్చిందని, రిజిస్టర్ చూసి చెప్పేశాననుకున్నానని. ఆయన వింటున్నంతసేపు నా పెదాల వైపే చూశారు. అయ్యాక, డ్యూటీలో ఉన్నట్టే, మాట మీద మాట పేర్చి తిరిగి అప్పజెప్పారు.

"2:19 ముందే వేశావు. క్వారీకి మోగింది. నేను చివరి బోగీ దగ్గర ఉన్నాను, తీయలేదు. తర్వాత మళ్లీ చేయలేదు. గూడ్స్ ఆపమని నాకు ఎవరూ చెప్పలేదు. సరేనా?"

"సరే" అన్నాను.

ఆయన రెండు చేతులతో మొహం కప్పుకుని కాసేపు కూర్చున్నారు. ఏడుస్తున్నారేమో అనుకున్నాను. చేతులు తీశాక చూస్తే కళ్లు పొడిగానే ఉన్నాయి.

ఆవిడ నా వైపు తిరిగింది. ఈ మనిషి రోజుకు పదిసార్లు లేచి పొయ్యి ఆపానా లేదా అని చూసొస్తున్నాడు, నా పేరు చెప్పి అదే కదా అని నన్నే అడుగుతున్నాడు, తనకు గుర్తుందో లేదో చూసుకోవడానికి, అంది. "నీకు ఎప్పటి నుంచి తెలుసు?"

"సోమవారం నుంచి."

"అంతకుముందు?"

"అంతకుముందూ తెలుసుననుకుంటా పిన్నిగారూ" అన్నాను. ఆవిడ లేచి లోపలికి వెళ్లింది. మళ్లీ రాలేదు.

బాబాయి క్షమిస్తున్నానని అనలేదు. పర్వాలేదని కూడా అనలేదు. ఆ చిన్న పుస్తకం తీసి ఈరోజు తేదీ కింద ఏదో రాయబోయి, మూసేసి, బల్ల సొరుగులో పడేశారు. తర్వాత లెక్కగా మాట్లాడారు.

"రేపు విచారణలో నేను మర్చిపోయానని చెబుదామనుకున్నాను. ఇప్పుడు చెప్పను. నాకెవరూ చెప్పలేదంటాను. నా వెనక నువ్వొచ్చి చెప్పానంటే, నేను మతిమరుపువాణ్ణి కూడా కాను, అబద్ధాలకోరునవుతాను. పదకొండు వందల మందిని చంపబోయి అబద్ధమాడినవాణ్ణి. అది ఆలోచించుకునే వచ్చావా?"

"ఆలోచించుకునే వచ్చాను."

"భయంగా లేదూ?"

"ఉంది."

"ఉండాలి" అన్నారు. తలుపు దాకా వచ్చారు గానీ మెట్లు దిగేదాకా ఆగలేదు.

ఇంటికొచ్చి వాంగ్మూలం రాశాను. పేజీన్నర. ముందు నింపిన వరసలు ఏవేవి గుర్తున్నాయో అవి కూడా రాశాను. మా ఆయన చదివారు. రెండో పేజీ రెండుసార్లు చదివారు. రేపు షాపు తీయను, నీతో వస్తానన్నారు. మామగారికి ఇంకా తెలియదు. చీఫ్ నుంచి రెండు ఫోన్లు వచ్చాయి, తీయలేదు.

కాగితం సంచీలో ఉంది. ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. ఇస్తాననే అనుకుంటున్నాను. 2:19కి చెప్పాననుకున్నదీ నేనే.

విచారణ మూడో అంతస్తులో, సాక్షుల వరస గోడ మీద అంటించారట. రేపు 10:30కి బాబాయి. ఆయన మాట అయ్యాక, 11:15కి నేను.